వేపచెట్టుకు మిగిలిన చక్రం

గత సంచికలో గోదాముల తాళాల నిర్వహణను గురించి ముచ్చటించాము. అది చదివిన ప్రాజెక్టు క్షేత్రాల సోదర ఉద్యోగులు కొందరు, “గోదాముకు గోడలున్నవి, తలుపులున్నవి, ఆరుబయట నిలిచే మా జీపుల మాటేమిటి?” అని అడిగారు. సముచితమైన ప్రశ్న. దానికి సమాధానంగా ముందుగా ఒక అనుభవాన్ని పాఠకుల ముందుంచుతాము.

చాలా ఏళ్ళ క్రిందట మా సర్వే శిబిరాలలో ఒకదానిలో రాత్రివేళ జీపును వేపచెట్టుకు గొలుసుతో బంధించేవారు. గొలుసు మంచిదే, తాళంకప్ప కూడా గట్టిదే. ఒకనాటి ఉదయం చూడగా గొలుసు చెక్కుచెదరలేదు, తాళం ఎవరూ తెరవలేదు. ఆ రెండింటి మధ్య జీపు ముందు చక్రం ఒక్కటే మిగిలి ఉన్నది! దొంగలు సీటు క్రింది పనిముట్లతోనే ఆ చక్రం నట్లు విప్పి, జీపు వెనుక ఉన్న అదనపు చక్రాన్ని బిగించి, చక్కగా తోలుకుపోయారు.

పనిముట్లు ఎక్కడ ఉన్నవో తెలిసినవాడే ఈ పని చేసి ఉంటాడని అందరూ అనుకున్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత అందరి నోళ్ళలో నానింది. అనుమానం డ్రైవరుపై పడినది. ఎనిమిది నెలలు విచారణ సాగింది. చివరకు వేరొక రాష్ట్రంలో ముఠా పట్టుబడి, ఆయన నిర్దోషి అని తేలింది. తరువాత ఫైలు తిరగవేయగా, “ఇచ్చిన గొలుసు ఛాసిస్ వరకు అందుటలేదు, పొడవైనది ఇప్పించగోరుతాను” అని ఆయన పెట్టుకున్న అర్జీ బయటపడింది. జీపు విలువను లెక్కకట్టగలిగాము. ఆ కుటుంబం తలదించుకుని గడిపిన ఎనిమిది నెలలకు లెక్క కట్టలేకపోయాము. ఎవరినో నిందించడానికి ఇది వ్రాయడం లేదు. తాళం కాపాడేది వాహనాన్ని మాత్రమే కాదు, దానికి బాధ్యులైన మనుషుల పరువును కూడా అని గుర్తుచేయడానికే వ్రాస్తున్నాము.

కొండలు, వాగులు, బురదదారులలో తిరిగే ఈ వాహనాలకు దొంగల బెడద ఎందుకు ఎక్కువ? పాత జీపులకు గుడ్డ కప్పే తప్ప తాళం పడే తలుపులు లేవు. 1985లో వచ్చిన జిప్సీలలోనూ గుడ్డ కప్పువి ఉన్నవి. పైగా రోడ్డు లేని చోట నడవగల బండిని దొంగ కూడా రోడ్డు లేని దారినే తోలుకుపోగలడు. తనిఖీ కేంద్రాలు అతనికి అడ్డురావు. విడిభాగాలకు గిరాకీ ఉండనే ఉన్నది.

ఇక గొలుసు సంగతి. మొదటి సూత్రం: విప్పడానికి వీలైన దేనికీ గొలుసు వేయరాదు. చక్రం, బంపరు, అదనపు చక్రపు స్టాండు, ఇవన్నీ నాలుగు నట్లు విప్పితే ఊడివచ్చేవే. గొలుసును ఛాసిస్ చట్రం చుట్టూ గాని, ఇరుసు చుట్టూ గాని త్రిప్పాలి. అలా త్రిప్పేటప్పుడు బ్రేకు గొట్టాలు నలగకుండా చూడాలి. రెండవ కొన కూడా అంతే గట్టిదై ఉండాలి. ఇటుకగోడలో దిగగొట్టిన రింగు, పాతిన కర్రగుంజ పనికిరావు. నేలలో కాంక్రీటు దిమ్మ వేసి, అందులో ఇనుపరింగును పాతించుకోవడమే మేలు.

రెండవది మందం. బజారులో దొరికే మామూలు ఇనుప గొలుసు 10 మిల్లీమీటర్ల మందం ఉన్నా, పొడవాటి పిడుల కట్టరుకు లొంగిపోతుంది. ప్రత్యేకంగా గట్టిపరచిన మిశ్రమ ఉక్కు గొలుసు, 13 నుండి 16 మిల్లీమీటర్ల మందం గలది, చేతి కట్టరుకు అంత సులభంగా తెగదు. అయితే దానికి తగిన బరువూ ఉంటుంది. 16 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు సుమారు 6 కిలోలు తూగుతుంది. ప్రతిరాత్రి దానిని ఎత్తి వేసేవారి శ్రమను అధికారులు గుర్తించాలి. బరువుకు విసిగి వేయని గొలుసు కంటే, ప్రతిరోజూ వేసే కొంచెం పలుచని గొలుసే నయం.

మూడవది బిగువు. గొలుసు నేలమీద వదులుగా పడి ఉంటే, కట్టరు పిడిని నేలకు ఆనించి బరువంతా మోపవచ్చును. రాతిపై పెట్టి సుత్తితో బాదవచ్చును. నేలకు తగలకుండా, మిగులు లేకుండా బిగించాలి.

నాల్గవది తాళంకప్ప. అలీగఢ్ తాళాలు, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన దిండిగల్ తాళాలు మన దేశంలో పేరుపొందినవే. ఎక్కడిదైనా, పైకి కనిపించే వంపు కమ్మి తక్కువగా ఉన్నదానినే ఎంచుకోవాలి. దొంగ పరికరం పట్టేది అక్కడే. తాళపు రంధ్రం క్రిందికి ఉండేలా వేస్తే వాననీరు చేరదు. గ్రీజు దుమ్మును పట్టి ఉంచుతుంది గనుక దాని బదులు గ్రాఫైటు పొడి వాడడం మంచిది.

ఇంతా చేసి ఒక నిజం ఒప్పుకోక తప్పదు. తెగని గొలుసు లేదు. బ్యాటరీతో నడిచే గ్రైండరు ఎంతటి ఉక్కునైనా కొద్ది నిమిషాలలో కోసివేస్తుంది. కాని అది పెద్దగా అరుస్తుంది, నిప్పురవ్వలు చిమ్ముతుంది. కనుక గొలుసు చేసే మేలు, దొంగను ఆలస్యం చేసి, చప్పుడు చేయించడమే. ఆ చప్పుడు వినడానికి కావలివాడు దగ్గరలో లేకపోతే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే అవుతుంది. వాహనాన్ని దీపం వెలుగులో, కావలి గది ఎదుట నిలపాలి. గొలుసుకు తోడుగా స్టీరింగ్‌కు, క్లచ్ పెడల్‌కు తాళం, దాచిన చోట బ్యాటరీ స్విచ్ ఉండాలి. పనిముట్ల సంచి రాత్రివేళ గదిలోకి చేరాలి.

తాళం చెవి లేకుండా మీట నొక్కి నడిపే కొత్త వాహనాలు వచ్చాయి గదా, ఇంకా గొలుసులెందుకని కొందరి అభిప్రాయం. ఇంట్లో ఉన్న తాళపు సంకేతాన్ని బయటినుండి పరికరంతో అందుకుని బండి తెరిచే దొంగలు నేడున్నారు. సంకేతాన్ని అనుకరించవచ్చును గాని, ఉక్కును అనుకరించలేరు గదా!

ఒక హెచ్చరిక. నాలుగు చక్రాలకు బలం పంచే వాహనాలలో, దొంగ కదల్చలేడని ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో వదిలే అలవాటు కొందరికి ఉన్నది. అప్పుడు గేరు వేసి ఉన్నా వాహనం నిలవదు. వాలులో చేతిబ్రేకు జారితే ప్రాణాపాయం. ఈ పద్ధతి మానుకోవాలి.

మరొక మాట. మారుమూల శిబిరంలో ఆ జీపే అంబులెన్సు కూడా. దొంగను ఆపిన తాళం పాము కరిచినవానిని కూడా ఆపరాదు. రెండవ తాళంచెవిని సీలు వేసిన కవరులో రాత్రి విధుల అధికారి వద్ద ఉంచి, రిజిస్టరులో సంతకం తీసుకోవాలి.

దురదృష్టవశాత్తు చోరీ జరిగితే, ఆలస్యం చేయక సమీప పోలీసు స్టేషనులో ప్రథమ సమాచార నివేదిక నమోదు చేయించాలి. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చును. బీమా సంస్థకూ వెంటనే తెలియజేయాలి. ఛాసిస్, ఇంజను నంబర్లు కార్యాలయంలో వ్రాసి ఉంచుకోవడం మరువరాదు.

ఈ వారమే ప్రతి శిబిరాధికారి తమ వాహనం వద్దకు వెళ్ళి, గొలుసు ఎక్కడ వేశారో స్వయంగా వంగి చూడవలసిందిగా మా విజ్ఞప్తి. డ్రైవరు పొడవైన గొలుసు అడిగి ఉంటే, ఆ అర్జీని ఫైలులో నిద్రపుచ్చవద్దు. వచ్చే సంచికలో డీజిలు నిల్వల భద్రతను గురించి తెలుసుకుందాము.