పైకమొకరిది, తలుపొకరిది

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ఉదయము ఎనిమిది గంటల వేళ ఏ యూరి మొగలో నిలచి చూచినను పసుపుపచ్చని బస్సులు పిల్లలను ఎక్కించుకొని పట్టణముల వైపు సాగుచుండును. ఒక్కొక్కప్పుడు ఆ బస్సు ఆగునది ప్రభుత్వ పాఠశాల గుమ్మము ముందే. ఏ బడి మేలు అను చర్చ మన యిండ్లలో నిత్యమును సాగుచున్నది. కాని యే బడికి ప్రజల పైకమెంత పోవుచున్నది, ఆ పైకముతో ప్రజలకే యధికారము వచ్చుచున్నది అని అడుగువారు అరుదు. ఈ ప్రశ్నను న్యాయస్థానము వరకు నడిపించిన దేశమొకటి హిందూమహాసముద్రమున నున్నది. అది మారిషస్.

ఆ ద్వీపము మనకు పరాయిది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున చెరకుతోటల కూలికై కోరంగి రేవున ఓడలెక్కిన తెలుగువారి సంతతి నేటికిని అచ్చట నున్నది. వారిని 'కోరంగీ'లని పిలిచెడివారు. ప్రథమాంధ్ర మహాసభ 1913లో జరిగినది మన బాపట్లలో. ఆంధ్ర మహాసభ యను పేరుతోనే 1947లో మారిషస్ తెలుగువారును సంఘము పెట్టుకొనిరి.

1975 మే నెలలో అచ్చటి విద్యార్థులు వీధులకెక్కిరి. 1977 నుండి మాధ్యమిక విద్య ఉచితమైనది. ప్రభుత్వ కాలేజీలు (ఉన్నత పాఠశాలను అచ్చట కాలేజీ యందురు) చాలలేదు. కనుక ప్రైవేటు కాలేజీలకు జీతములు, గ్రాంటులు ప్రభుత్వమే ఈయసాగినది. కొన్ని కాథలిక్ కాలేజీలు మాత్రము ఆ ధనము పుచ్చుకొనుచునే సగము స్థానములను తమ మతస్థులకు అట్టిపెట్టుకొనెడివి. ఒక తండ్రి దీనిని ప్రశ్నించెను. వ్యాజ్యెము ప్రివీ కౌన్సిల్ దాకా పోయినది. ప్రజాధనముతో నడచు బడిలో ఇట్టి వివక్ష చెల్లదని 2004లో తీర్పు వచ్చినది. ఆ తండ్రికి ప్రశ్నించు హక్కు చిక్కినది ఎచ్చట? పైకము బడికి నేరుగా, బహిరంగముగా ముట్టుటలోనే.

అట్లని మారిషస్ స్వర్గము కాదు. పేరుపడిన కాలేజీలలో స్థానమునకై ప్రాథమిక పరీక్షలో ర్యాంకుల పోరు చిరకాలము సాగినది. ట్యూషన్ల బాధ మనకంటె తక్కువేమియు కాదు. ఆ ర్యాంకునకు తెలుగు, హిందీ, తమిళము వంటి భాషల మార్కులు లెక్కింపవలెనా యను వివాదము 1995లో ప్రభుత్వమునే కుదిపినది. రాజ్యాంగ సవరణ వీగిపోగా ఎన్నికలు జరిగి, మారిషస్ ద్వీపమునందలి 60 స్థానములును ప్రతిపక్షమునకు పోయినవి. పిల్లవాని తెలుగు పేపరు ఒక మంత్రివర్గపు తలరాతతో ముడిపడుట మనకు వింతగా తోచును. మనమో, తెలుగు మాధ్యమమును తొలగించు 2019 నాటి ఉత్తర్వుపై 2020లో హైకోర్టు తీర్పు వచ్చువరకు గుసగుసలాడుకొంటిమి.

మన సీమలోను ఎయిడెడ్ బడులు కలవు. దాతలును, క్రైస్తవ మిషనులును స్థాపింపగా ప్రభుత్వము జీతములిచ్చినవి అవి. 2021లో రాష్ట్రప్రభుత్వము వానిని ఆస్తులతో అప్పగింపుడనియో, సాయము వదలుకొనుడనియో కోరినది. విద్యార్థులును తల్లిదండ్రులును ఆందోళన చేసిన పిమ్మట, నవంబరులో, ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసికొను వీలు కల్పించినది.

ఎయిడెడ్ బడికి చేయి ముడుచుకొన్న ఆ ప్రభుత్వమే 2020 జనవరి నుండి 'అమ్మ ఒడి' క్రింద తల్లి ఖాతాలో సొమ్ము వేయుచుండెను. పిల్లవాడు ప్రైవేటు బడిలో నున్నను ఇచ్చెడివారు. ప్రభుత్వము మారి, 2025 జూన్ నుండి అది 'తల్లికి వందనం' అయినది, పద్ధతి అదియే. తల్లికి అందు సొమ్మును నేను తప్పుపట్టుట లేదు. పేదయింట అది పెద్ద మొత్తమే. కాని తల్లి చేతి మీదుగా పోయిన ప్రభుత్వ ధనము బడి గల్లాపెట్టెను చేరుసరికి కేవలము ఫీజు అగుచున్నది. జీతముల పట్టికను గాని, ప్రవేశముల పద్ధతిని గాని చూపుమని ఆ బడిని అడుగుటకు ఆ సొమ్ము ఆధారము కాదు.

ఫీజునైనను కట్టడి చేయుదమని 2021 ఆగస్టులో ఉత్తర్వులు వెలువడినవి. ఏడాదికి ప్రాథమిక తరగతులకు పంచాయతీలలో 10,000 రూపాయలు, మునిసిపాలిటీలలో 11,000. ఉన్నత పాఠశాలలకు 12,000, 15,000 అని లెక్క కట్టిరి. ఆ డిసెంబరులోనే హైకోర్టు వానిని కొట్టివేసినది. రేపల్లె పల్లెలోని తల్లి తన ఖాతాలో పడిన సొమ్ము తీసికొని బడికి పోయి, వారు చెప్పిన మొత్తమునకు తక్కువైనది చేర్చి కట్టి వచ్చుచున్నది.