కోడ్ యంత్రం రాస్తే జవాబు ఎవరు చెప్తారు?

"కంప్యూటరే ప్రోగ్రాం రాసేస్తాదంట గదా, ఇంక మా పిల్లకి ఆ చదువెందుకు?" అని సంగంలోనూ బుచ్చిరెడ్డిపాళెంలోనూ తల్లులు అడుగుతున్నారు. అప్పు చేసి ఆడపిల్లని ఇంజినీరింగు చదివిస్తున్న ఇంట్లో ఇది తేలికైన ప్రశ్న కాదు. మగపిల్లాడైతే ఏదో ఒకటి చూసుకుంటాడులే అనే కుటుంబం, ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి చదువాపి పెళ్లి చేసేద్దామంటుంది. అందుకే ఇంజినీర్లతో ఇక పనిలేదన్న ప్రచారాన్ని మనం పరీక్షించకుండా వదిలెయ్యలేం.

అందులో కొంత నిజముంది. తమ సంస్థలో కొత్త కోడ్‌లో పావు వంతుకు పైగా కృత్రిమ మేధే రాస్తోందని 2024 అక్టోబరులో గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ ప్రకటించారు. ఆ మాట మన ఊళ్లదాకా వచ్చింది. దాన్ని ఇంజినీర్లు పరిశీలించి ఆమోదిస్తున్నారని ఆయనే అన్న రెండో సగం మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది.

ఆ రెండో సగం లేకపోతే ఏమవుతుందో చూడటానికి అమెరికా వెళ్లక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' అనే సాఫ్ట్‌వేర్ వాడింది. వేర్వేరు శాఖల రికార్డుల్లో ఉన్న పేర్లూ చిరునామాలూ పోల్చి, ఇవన్నీ ఒకే మనిషివని అది తేలుస్తుంది. హైదరాబాదులో ఒక పేదరాలికి రేషన్ అందలేదు, ఆమె భర్తకి కారుందని అది చెప్పింది కాబట్టి. కారు అలాంటి పేరే ఉన్న వేరే మనిషిది! రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. సమాచార హక్కు కింద ఆ సాఫ్ట్‌వేర్ కోడ్ అడిగితే ఇవ్వలేదు.

అది మనుషులు తయారుచేసిన సాఫ్ట్‌వేరే. ఇప్పుడు అలాంటి కోడ్ కావాలని కృత్రిమ మేధని అడిగితే నిమిషంలో రాసిస్తుంది. అది నడుస్తుంది కూడా. నడవడం వేరు, సరిగ్గా ఉండటం వేరు. లక్ష్మమ్మ పేరుని ఇంగ్లీషులో ఒక గుమాస్తా రాసినట్టు ఇంకొకరు రాయరు. (మా ఊరి పేరే ఇంగ్లీషులో రాస్తే ఊరో, మహిళా సంఘమో ఒక్కోసారి తెలియదు.) పైగా స్త్రీకి ఒక కాగితంలో పుట్టింటి ఇంటిపేరు, ఇంకో కాగితంలో అత్తింటి ఇంటిపేరు. పేర్లు పోల్చే ఏ కోడ్ అయినా ఒకే స్త్రీని ఇద్దరనుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఎన్ని అక్షరాలు తేడా వస్తే వేరే మనిషి అనుకోవాలి? అనుమానమొస్తే కార్డు కొట్టెయ్యాలా, ఇంటికి మనిషిని పంపాలా? ఇవి కోడ్‌లో ఒకటి రెండు వరుసలే. కానీ ఒక ఇంటి బియ్యం వాటిమీద ఆధారపడి ఉంటుంది. వాటిని వెతికి పట్టుకుని, మన పేర్లతో మన ఇంటిపేర్లతో పరీక్షించి, 'ఇది ఇలా అమలుచెయ్యడానికి వీల్లేదు' అని అధికారితో చెప్పగలగడమే ఇంజినీరు నైపుణ్యం. ఇంటిపేరు మారడమంటే ఏమిటో తెలిసిన సంగం అమ్మాయికి ఆ పనిలో ఉండే చూపు, ఎక్కడో కూర్చుని స్పెసిఫికేషన్ చదివేవారికి ఉండదు.

కంపెనీల లెక్క వేరుగా ఉంది. కొత్తగా చేరేవాళ్లు టెస్టింగులోనూ చిన్న చిన్న మార్పుల్లోనూ చెయ్యి తిప్పుకుంటారు. ఆ పని యంత్రానికి అప్పగిస్తే ఈ ఏడాది జీతాలు మిగలొచ్చు. మొదటి మెట్టే తీసేస్తే, పదేళ్ల తర్వాత యంత్రం రాసినదాన్ని చదివి తప్పు పట్టగలిగే మనిషి ఎక్కడినుంచి వస్తుంది? ఈ ప్రశ్నకి వాళ్ల దగ్గర జవాబు ఉన్నట్టు నాకు కనపడదు.

సంఘాల లెక్కలూ పింఛన్లూ రేషనూ ఇప్పటికే తెరమీదికి వచ్చేశాయి. ఈసారి ఆఫీసులో 'కంప్యూటర్ కొట్టేసిందమ్మా' అంటే వెనక్కి తిరిగిరాకుండా ఒక దరఖాస్తు పెడదాం. ఏ నియమం ప్రకారం కొట్టేసింది? ఆ నియమాన్ని ఎవరు, ఎవరి పేర్లతో పరీక్షించారు? దాన్ని తిప్పిరాసే అధికారం ఏ అధికారికుంది? మూడింటికీ రాతపూర్వకంగా జవాబు కావాలి.