మన మంచిచెడ్డలు: దావా వేస్తే పగ పెంచుకున్నట్లా?

దెబ్బ తిన్నవాడు నష్టపరిహారము కోసం కోర్టుకు వెళితే, లోకము వాణ్ణి వ్యాజ్యాలమారి అంటుంది. "పోనిద్దూ, ప్రాణము దక్కింది, అదే పదివేలు" అని సర్దిచెప్పేవారే మనలో హెచ్చు. ఆ మాట మేమూ అన్నవారమే. అందుకే ఈ నెల ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

షోలాపూరులో మరమగ్గము మీద తువ్వాళ్లు నేసే మన సోదరుడొకాయన రాత్రిపాళీ ముగించుకుని నడిచి వస్తుంటే, వెనుకనుంచి మోటారుసైకిలు గుద్దింది. ఎడమచేతి మణికట్టు నుగ్గయింది. నడిపినవాడు పరాయివాడు కాడు, అదే పేటలోని మన పిల్లవాడే. పోలీసులు కేసు వ్రాసుకున్నారు. పెద్దలము నలుగురము కూర్చుని, ఆస్పత్రి ఖర్చు క్రింద ఇరవైవేలు ఇప్పించి రాజీ చేశాము. మంచిపని చేశామని సంతోషించాము కూడా.

అయిదో నెలలో ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. "ఎముక అతుక్కుంది గాని వేళ్లు ముడుచుకోవడం లేదండీ. తెగిన పోగు ముడి వేయలేకపోతున్నారు. సేఠు వేరే మనిషిని పెట్టుకున్నాడు" అన్నది. మాకు నోట మాట రాలేదు. మేము ఆస్పత్రి బిల్లు లెక్కవేశాము గాని, ఆ చేతిని లెక్కవేయలేదు.

దావా వేయవచ్చునమ్మా అంటే ఆమె బెదిరిపోయింది. "రేపు మార్కండేయ రథోత్సవంలో ఆ పిల్లవాని తల్లి ఎదురైతే మొగమెలా చూసేదండీ?" అన్నది. ఆమెకు చెప్పినదే చదువరులకూ చెబుతున్నాము.

పిల్లవాడికి శిక్ష పడాలా వద్దా అన్నది పోలీసు కేసు సంగతి. పరిహారపు అర్జీ దానికి వేరు. అది 1988 నాటి మోటారు వాహనాల చట్టము క్రింద, ప్రమాదాల పరిహారము తేల్చే ట్రిబ్యునలులో పడుతుంది. అక్కడ నేరము రుజువు చేసినంత గట్టి రుజువు అక్కరలేదు. ఏది జరిగి ఉండడానికి ఎక్కువ అవకాశముందో చూస్తారు. ప్రతి బండికీ ఎదుటివారికి కలిగే నష్టము కోసం బీమా ఉండి తీరాలని చట్టము. అర్జీలో నడిపినవాని పేరు, బండి యజమాని పేరు ఉన్నా, బీమా సక్రమంగా ఉంటే డబ్బు కట్టేది కంపెనీయే. బీమా లేకపోతే మాత్రము భారము యజమాని మీద పడుతుంది. కనుక మొదట అడగవలసినది ఆ కాగితము.

ఇక లెక్క. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనిని విడమరచి చెప్పింది. వైద్యపు ఖర్చు, మంచాన ఉన్నన్నాళ్లు పోయిన కూలి, ముందుముందు తగ్గిపోయే సంపాదన, పడిన బాధ, ఇవన్నీ వేరువేరుగా లెక్కించాలన్నది. ఎడమచేయి పోతే గుమాస్తా ఉద్యోగము నిలవవచ్చు. వడ్రంగికి జీవనమే పోవచ్చు. డాక్టరు వ్రాసే శాతము ఒకటి, ఆ మనిషి బ్రతుకులో పోయినది మరొకటి. నేతగాని వేలికీ ఇదే న్యాయము. ఇంటి ఇల్లాలి చాకిరీకీ వెలకట్టాలని అదే కోర్టు 2021లో కీర్తి కేసులో మరల చెప్పింది. జీతము లేని మనిషికి నష్టమేమిటని ఎవరూ అనరాదు.

మనవంటి ప్రవాసులకు మరొక సౌకర్యమున్నది. ప్రమాదము పుట్టింటి ఊళ్లో జరిగినా, అర్జీ మనము కాపురమున్న చోటనే వేసుకోవచ్చు. వకీలుకు ఇచ్చుకోలేని పేదలకు, స్త్రీలకు, వికలాంగులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

గడువు మరువరాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ, ప్రమాదము జరిగిన ఆరు నెలలలోగా అర్జీ పడాలన్నది. ఆ గడువు చెల్లదన్న వాదము సుప్రీంకోర్టుకు వెళ్లగా, ఆలస్యమైనదన్న కారణముతో అర్జీలు కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తరువు వచ్చింది. ఆ ధీమాతో కూర్చోవడం మాత్రము తెలివి కాదు. పోలీసు కాగితము, ఆస్పత్రి చీటీలు, మందుల రసీదులు, కూలి లెక్క, అన్నీ ఒక సంచిలో దాచాలి. ముందు పుచ్చుకున్న సొమ్మేదైనా ఉంటే దాచకుండా చెప్పాలి.

ఆయన అర్జీ ఆరో నెల దాటకుండానే పడింది. పిల్లవాని తల్లికి ఈ సంగతి చెప్పడానికి మేమే వెళ్లాము. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత పెట్టె తీసి బీమా కాగితము మా చేతిలో పెట్టి, "ఆ చేయి చూసినప్పుడల్లా మాకు అన్నము దిగడం లేదండీ" అన్నది.

తీర్పు ఇంకా రాలేదు. వచ్చేదాకా మేము నేర్చుకున్న పాఠమొకటి చెప్పి ముగిస్తాము. రాజీలు చేసే పెద్దలు ముందు డాక్టరు మాట, వకీలు మాట విని, ఆ తరువాత నోరు విప్పాలి. ఇతరుల చేతికి వెల కట్టే హక్కు మనకు లేదు.