టీ మానేస్తే పీహెచ్‌డీ పూర్తికాదు

ఒక నెల మా ఇంట్లో టీ మానేశాం. యూట్యూబులో ఒకాయన బోర్డు మీద గీతలు గీసి మరీ చెప్పాడు, చుక్క చుక్క కారితేనే కుండ ఖాళీ అవుతుందని. పాలు, చక్కెర, చాయ్‌పత్తి అన్నీ కలిపితే ఆ నెల 960 రూపాయలు మిగిలాయి. నాకు తలనొప్పి, మా ఆయనకు చిరాకు కూడా మిగిలాయి. అదే నెల ఆయన యూనివర్సిటీ ఫీజు గడువు, బిడ్డ బడి ఫీజు రెండో విడత ఒకేసారి వచ్చి పడ్డాయి. రెండూ కలిపి 17 వేలు. 960 ఏ మూలకు?

మా ఆయన కాకతీయ యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో పరిశోధన చేశాడు. నేను కాజీపేట దిక్కు ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. హన్మకొండ భీమారంలో రెండు గదుల కిరాయి ఇల్లు. 2019 నుంచి 2025 దాకా ఆరేళ్ళు నా జీతం మీద ఇల్లు నడిచింది. అందుకని పొదుపు పాఠం చెప్పబోయేవాళ్ళు నా దగ్గర కాస్త ఆగి మాట్లాడాలి.

ఆ పాఠం ఎక్కడ విన్నా ఒకటే. ఇల్లు గడవడం లేదంటే ఎక్కడో దుబారా ఉంది, దాన్ని పట్టుకోవాల్సింది ఇల్లాలు. వీడియోల్లో కుర్రవాళ్ళు దీన్ని బడ్జెట్ అంటారు. మా అత్తమ్మ "ఆడిది సర్దుకుంటె ఇల్లు నిలవడ్తది" అంటది. పత్రికల మహిళా పేజీలు ఇదే మాటకు రంగుల బొమ్మ జోడించి వేస్తాయి. ముగ్గురికీ పడని మాట ఒకటుంది. మా ఇంట్లో దుబారా లేదు, డబ్బే లేదు.

ఇప్పుడు ప్రతి వీడియోలో వినిపించే 50-30-20 సూత్రాన్నే తీసుకుందాం. అవసరాలకు సగం, సరదాలకు 30 శాతం, పొదుపుకు 20 శాతం. ఇది అమెరికాలో పుట్టిన లెక్క. ఎలిజబెత్ వారెన్ తన కూతురితో కలిసి 2005లో రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. నెల నెలా జీతం పడే ఇళ్ళకు అది బాగానే ఉండొచ్చు. నా జీతం 21 వేలు. మా బడిలో మే నెల జీతం ఇవ్వరు, ఎండాకాలం పిల్లలు రారు కదా అంటారు. ఎండాకాలం మా కడుపులకు సెలవులుండవు మరి. 11 నెలల జీతాన్ని 12 నెలలకు పరిస్తే నెలకు 19,250. అందులో 30 శాతం సరదాలకంటే 5,775. కిరాయి కట్టి, బియ్యం, కూరగాయలు, గ్యాసు, ఫోను, బిడ్డ మందులు అయ్యాక మిగిలేది ఏ నెలా అంత లేదు. సూత్రం ప్రకారం నా సరదా ఏమిటంటే బిడ్డకు జ్వరం రాకపోవడం.

అయినా డబ్బు తక్కువ కావడం సగం బాధే. మిగతా సగం తారీఖులది. ఖర్చులకు తారీఖు ఉంటుంది, రాబడికి ఉండదు. కిరాయి 5న కట్టాలి, జీతం 10న గానీ రాదు, ఒక్కో నెల 18 కూడా అవుతుంది. మేలో సున్నా, జూన్‌లో పుస్తకాలు, బట్టలు, బడి ఫీజు. పరిశోధన ఖర్చు కూడా అట్లాంటిదే. మా ఆయన థీసిస్ వరంగల్ ఏనుమాముల మార్కెట్ మిర్చి రైతుల మీద. మిర్చి యార్డుకు వచ్చే కాలంలోనే రైతులు దొరుకుతారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొద్దున్నే యార్డుకు పోవాలి, ఊళ్ళు తిరగాలి, ప్రశ్నావళి జిరాక్సులు తీయాలి. ఆ మూడు నెలల్లో పోయే డబ్బును పన్నెండు నెలలకు పరచడం ఏ లెక్కల నోట్‌బుక్ వల్లా కాదు. నవ్వొచ్చే సంగతేమిటంటే, ఆయన రైతుల దగ్గర రాసుకొచ్చిందీ ఇదే. విత్తనం నాడు డబ్బుండదు, పంట అమ్మిన నాడు అడ్తి వ్యాపారి బాకీ పట్టుకుని మిగిలింది ఇస్తాడు. రాత్రి ఆయన ఆ కాగితాలు చదివి వినిపిస్తుంటే నేను మా ఖాతా పుస్తకం అనుకున్నాను.

మరి పరిశోధకుడికి ఫెలోషిప్ ఉంటుంది కదా అంటారు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్ళకు ఉంటుంది. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు. మా ఆయనకు రాలేదు. నెట్ లేకపోయినా పీహెచ్‌డీ విద్యార్థికి యూజీసీ నెలకు 8 వేలు ఇచ్చే పద్ధతి ఒకటుంది, కానీ అది కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే. 2015లో దాన్నీ ఎత్తేస్తామంటే ఢిల్లీలో పిల్లలు యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించారు, అందుకే నిలబడింది. అంటే గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం గేటు లోపల 8 వేలు, ఇక్కడ విద్యారణ్యపురిలో కాకతీయ గేటు లోపల సున్నా. కాకతీయ యూనివర్సిటీ 1976లో పెట్టింది ఈ దిక్కు పిల్లలు చదువు కోసం హైదరాబాద్ దాకా పోకుండా అని కదా. పోకుండా ఉన్నందుకు పడే జరిమానా ఇది. ఆ జరిమానా ఎవరో ఒకరు కట్టాలి. మా ఇంట్లో నేను కట్టాను. యూజీసీ ఇవ్వని ఫెలోషిప్పును 21 వేల జీతగత్తె ఇస్తే దానికి పెట్టిన పేరు సర్దుకుపోవడం.

2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు తలుపులు మూసుకున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు వస్తే గానీ తెరవమన్నాయి. తప్పో ఒప్పో ఆ గొడవ వేరే. నేను చూసిందల్లా ఒకటే. ఆ యాజమాన్యాలకు ఎవరూ టీ మానేయమని చెప్పలేదు. తారీఖుకు డబ్బు రాకపోతే సంస్థ నడవదని అందరూ ఒప్పుకున్నారు, ప్రభుత్వం కూర్చుని మాట్లాడింది. వంటిల్లు మాత్రం బందు పెట్టుకునే వీలు లేదు గనుక దానికి హితబోధ దక్కుతుంది.

ఈ హితబోధలో నాకు ఒళ్ళు మండే మాట "ఉద్దెర వద్దు, చిట్టీలు వద్దు" అన్నది. మా గల్లీ చివర కిరాణం దుకాణాయన ఆరేళ్ళు మాకు ఉద్దెర పెట్టాడు. పప్పు మీద రూపాయో రెండో ఎక్కువ వేసుకునేవాడు, నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఆ రెండు రూపాయలు 5వ తారీఖుకూ 18వ తారీఖుకూ మధ్య వంతెన ఖరీదు. చిట్టీ సంగతీ అంతే. 50 వేల చిట్టీ, 25 మంది, నెలకు 2 వేలు. ఏడో నెల బిడ్డ ఆసుపత్రి పాలైతే 40 వేలకు పాట పాడి ఎత్తుకున్నాను. పది వేలు పోయినట్టు కనిపిస్తుంది. అందులో కంపెనీ కమీషన్ 3,500. 2019లో చట్టం మార్చి 5 శాతాన్ని 7 శాతం చేశారు, అది వాళ్ళకు. మిగిలిన 6,500 అందరికీ పంచితే తలా 260. నాకు బ్యాంకు అప్పు ఇవ్వదు. జీతం చేతికిస్తారు గనుక స్లిప్పు లేదు. బంగారం కుదువ పెట్టడం ఒకటే దారి, అది అప్పటికే పోయింది. చిట్టీ కంపెనీలు ఎత్తిపోయి వరంగల్‌లో ఎందరి డబ్బో ఇరుక్కుంది నిజమే, నేనూ ప్రతి నెలా భయపడుతూనే కట్టాను. కానీ వద్దనేవాళ్ళు దాని బదులు ఏం వాడాలో చెప్పాలి కదా.

పొదుపు చేతకాని పేదిల్లు నేను చూడలేదు. రాత్రి ఎనిమిది దాటాక కుమార్‌పల్లి మార్కెట్టులో కూరగాయలు ఎందుకు చవకో మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కూర లేని నాడు పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. ఆ తెలివి ఎప్పుడో ఖర్చయిపోయింది, ఇక పిండితే రాదు.

సర్దుకోవడం ఇద్దరికీ సమానంగా వచ్చేదైతే ఇంత కోపం ఉండేది కాదేమో. చదివేది భర్త అయితే పోషించే భార్యది ధర్మం. చదివేది భార్య అయితే పోషించే భర్తది పెద్ద మనసు. మా పక్కింటామె పీహెచ్‌డీలో చేరితే వాళ్ళాయన్ని వాడంతా మెచ్చుకుంది. ఆమె మాత్రం వంట చేశాకే లైబ్రరీకి పోయేది. నిబంధనల్లో ఆడవాళ్ళకు ఆరేళ్ళ మీద ఇంకో రెండేళ్ళు గడువు, ప్రసూతికీ పిల్లల పెంపకానికీ 240 రోజుల సెలవు ఉన్నాయి. గడువు పెంచారు సరే, ఆ రెండేళ్ళ కిరాయి? ఇది పాత కథే. మన హన్మకొండ జిల్లా వంగర నుంచి పీవీ నరసింహారావు పుణె, నాగపూర్ పోయి చదువుకున్నాడు, ఇంటి భారం ఆయన భార్య సత్యమ్మ మోసింది. వాళ్ళకు భూములుండె. పీవీ చదివిన భాషలన్నిటి లెక్క మనకు తెలుసు, సత్యమ్మ పద్దుల లెక్క ఎవరూ అడగలేదు.

నిజంగా నా నోట్‌బుక్ రూపు మార్చింది ఏదో చెప్తాను. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది. భీమారం నుంచి కాజీపేటకు పోను రాను నాకు రోజుకు 50 పడేది, నెలకు 1,250. టీ మానేస్తే మిగిలినదానికన్నా 290 ఎక్కువ, తలనొప్పి లేకుండా. తర్వాత మార్చి నుంచి 200 యూనిట్ల లోపు కరెంటు బిల్లు సున్నా అయింది. ఉచితాలు జనాన్ని సోమరుల్ని చేస్తాయనే పెద్దమనుషులు బస్సులో నా పక్కన నిలబడి ఒకరోజు రావాలి. సీటు దొరకదు, ముందే చెప్తున్నా.

థీసిస్ బైండింగుకు ఇచ్చే ముందు మా ఆయన కృతజ్ఞతల పేజీ చూపించాడు. "ఓర్పుతో సహకరించిన నా భార్యకు" అని ఉంది. ఓర్పు తీసేసి అంకె వేయమన్నాను. గైడ్ ఒప్పుకోడన్నాడు. సరే, అంకె ఎంత అన్నాడు. ఆరు నోట్‌బుక్కులు ముందేసుకుని ఇద్దరం విడివిడిగా కూడాం. ఆయనకు నాకన్నా 1,140 తక్కువ వచ్చింది. కిరాణం దుకాణం ఆఖరి ఉద్దెర మరిచిపోయాడు.