గట్టి షాకబ్జర్ అంటే మంచి షాకబ్జరేనా?

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, పర్ణశాల వైపు పోలో జీటీలోనో, ఐ20 ఎన్ లైన్‌లోనో రోజూ తిరుగుతున్నారా? షాకబ్జర్లు మార్చే ముందు ఒక్క మాట.

బాగా గట్టివి వేయించి, కారును కాస్త కిందికి దింపాలని మనసు లాగుతుంది. కానీ బండి బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగుడును అదుపు చేసేది షాకబ్జర్. అది మరీ గట్టిదైతే గతుకుల మీద టైరు రోడ్డును వదిలి ఎగురుతుంది. పట్టు తప్పుతుంది, బ్రేకేసినా బండి ఆలస్యంగా ఆగుతుంది. కారును దింపారా, స్పీడ్ బ్రేకర్ దగ్గర అడుగు గీసుకుంటుంది.

రోజువారీ బండికి కంపెనీ ఎత్తుకు సరిపోయే గ్యాస్ షాకబ్జర్లు చాలు. బిల్‌స్టీన్‌నే తీసుకోండి: బీ4 కంపెనీవాటికి బదులుగా వేసేది, బీ6 ఇంకాస్త గట్టిది. రెండూ మామూలు ఎత్తుకే. బీ8 మాత్రం దింపిన కార్లకు. మీ మోడల్‌కు దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి.

ఆయిల్ కారుతున్నా, గుంత దాటాక బండి ఊగుతూనే ఉన్నా ఇక మార్చాల్సిందే. ఒక్కటే వద్దు, జతగా మార్చండి. పనిలో పనిగా స్ట్రట్ మౌంట్లు, బంప్ స్టాపర్లు చూపించండి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి. వానలో అడవి మలుపు తిరిగేటప్పుడు ఆ ఖర్చు విలువ తెలుస్తుంది.