రోబోకి ఆత్మరక్షణేమిటి?

“ఆత్మరక్షణ కోసం పోలీసులు ఎదురుకాల్పులు జరపగా...” ఈ వాక్యం చదవకుండా మన తరంలో ఎవరూ పెరగలేదు. తారీఖు మారుతుంది, అడవి పేరు మారుతుంది, వాక్యం మాత్రం మారదు. 2016 జూలైలో డాలస్ వార్త చదువుతూ అలవాటుగా ఆ వాక్యం కోసమే వెతికాను.

ఆ పొద్దున ఇర్వింగ్‌లో ఉండే మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాళ్లకింకా రాత్రే. “డౌన్‌టౌన్ మాకు దూరం మావయ్యా, తలుపులేసుకుని టీవీ చూస్తున్నాం” అన్నాడు. నల్లజాతివాళ్లను పోలీసులు కాల్చి చంపుతున్నారని నిరసనగా ఊరేగింపు జరుగుతోంది. అఫ్ఘానిస్థాన్‌లో పనిచేసి వచ్చిన 25 ఏళ్ల మాజీ సైనికుడొకడు అక్కడ కాపలా ఉన్న పోలీసుల మీద కాల్పులు జరిపాడు. ఐదుగురు పోయారు. వాడు ఎల్ సెంట్రో కాలేజీ భవనంలో దూరి కూర్చున్నాడు. పోలీసులు మాటల్లో పెట్టారు. వాడు నవ్వాడట, పాటలు పాడాడట, తన చేతిలో ఎంతమంది పోయారో చెప్పమన్నాడట.

మనకు మధ్యాహ్న భోజనాల వేళ, అక్కడ తెల్లవారుజామున, బాంబులు తీసే రోబోను లోపలికి పంపారు. తీయడానికి కాదు, పెట్టడానికి. ట్యాంకుకున్నట్టు పట్టాల చక్రాలు, ముందుకు చాచిన పొడుగాటి చెయ్యి, ఆ చేతిలో సుమారు అరకిలో సీ-4 పేలుడు పదార్థం. గోడ దాకా వెళ్లి ఆగింది. పేల్చారు. మనిషి పోయాడు. రోబోకి చెయ్యి దెబ్బతింది, అంతే. తెలిసినంతలో అమెరికా పోలీసులు రోబోతో మనిషిని చంపడం అదే మొదలు.

మావాళ్లను వాడున్న మలుపు దాటించి చావుకి పంపలేను, వేరే దారి లేదు అన్నాడు పోలీస్ చీఫ్ డేవిడ్ బ్రౌన్. అప్పటికే ఐదు శవాలు చూసిన మనిషి. ఊళ్లో బాంబులు పెట్టానని లోపలివాడు బెదిరిస్తున్నాడు కూడా. ఆ చంపినవాడి మీద నాకేం జాలి లేదు. 2018లో గ్రాండ్ జ్యూరీ కూడా పోలీసుల మీద కేసు అక్కర్లేదని తేల్చింది.

అయినా ఆ ఆత్మరక్షణ వాక్యం నన్ను వదలదు. పోలీసు తుపాకి పేల్చి ప్రాణం తీస్తే చట్టం ఎందుకు ఊరుకుంటుంది? తన ప్రాణమో పక్కవాడి ప్రాణమో ఆ క్షణంలో పోబోతోంది కనుక. రోబోను పంపినప్పుడు పోలీసు గోడ ఇవతల క్షేమంగా ఉన్నాడు. లోపలివాడు రోబోను కాల్చినా అది హత్యాయత్నం కాదు, ఆస్తినష్టం. ఆత్మే లేనిదానికి ఆత్మరక్షణేమిటి? పైగా తుపాకి ఎత్తిన పోలీసు, ఎదుటివాడు చేతులెత్తితే ఆగొచ్చు. అరకిలో సీ-4కి చేతులెత్తడం కనబడదు.

ఎదురుకాల్పుల చావు ప్రతిదానికీ ఎఫ్ఐఆర్ కట్టాలని, ఆత్మరక్షణ సంగతి విచారణలో తేల్చుకోవాలని 2009లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని ఆపేసిందనుకోండి, అది వేరే కథ. ఎదురుకాల్పుల్లో కనీసం బోనెక్కించడానికి కాల్చిన మనిషంటూ ఒకడుంటాడు. రోబో విషయంలో ఎవరిని ఎక్కిస్తాం? బటన్ నొక్కినవాణ్నా, నొక్కమన్నవాణ్నా?

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇదే గొడవ కాగితం మీదికొచ్చింది. తప్పనిసరైతే రోబోతో చంపొచ్చని 2022 నవంబర్ 29న నగర సూపర్వైజర్లు 8–3 ఓట్లతో ఒప్పుకున్నారు. జనం రోడ్డెక్కారు. వారం తిరిగేసరికి మాట వెనక్కి తీసుకున్నారు. డాలస్‌లో రాత్రికి రాత్రి జరిగిపోయినది, ముందుగా రాసి సంతకం పెట్టమంటే చివరికి చెయ్యి రాలేదు.

రోబోను పంపొద్దనడం లేదు నేను. దాని చేతిలో ఏం పెట్టి పంపుతున్నారన్నదే నా పేచీ. డాలస్ తర్వాత రెండు నెలలకే, లాస్ ఏంజెలెస్ కౌంటీలో హత్యాయత్నం కేసు నిందితుడొకడు తుపాకితో బయలుప్రదేశంలో చేరాడు. ఆరు గంటలు గడిచినా లొంగలేదు. బోర్లా పడుకుని ఉన్నాడు, తుపాకి కాళ్ల దగ్గర ఉంది. పైన హెలికాప్టర్ మోత, ఎదురుగా పోలీసుల కేకలు. ఆ సందట్లో వెనకనుంచి రోబో చీకట్లో పాక్కుంటూ వచ్చి, తుపాకి పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. వాడికి తెలియనే లేదు. మళ్లీ వచ్చి, వాడు అడ్డం పెట్టుకున్న తీగలు లాగడం మొదలెట్టింది. అప్పుడు తిరిగి చూశాడు. తుపాకి లేదు. లేచి చేతులెత్తాడు.