పండు తప్పా? కోసిన చేతి తప్పా?

మే నెలలో ఒక రాత్రి మా ఆసుపత్రికి ఎనిమిదేళ్ళ అమ్మాయిని ఎత్తుకొచ్చారు. అప్పటికే పది విరేచనాలు, నాలుగు వాంతులు అయ్యాయట. కళ్ళు లోతుకు పోయాయి. నాలుక పిడచగట్టింది. సెలైను ఎక్కిస్తుంటే తల్లి కన్నీళ్ళు పెట్టుకుంది. "పుట్టినరోజని ఇంట్లోనే పళ్ళముక్కలు చేసి పెట్టాను డాక్టరుగారూ! బజారు తిండి ముట్టనివ్వలేదు. ఇక ఈ జన్మలో దీనికి పచ్చి పండు ముక్క పెట్టను" అన్నదావిడ.

తెల్లవారేసరికి పిల్ల తేరుకుంది. అప్పుడు తల్లిని నింపాదిగా అడిగాను. పళ్ళు పొద్దున పదింటికి కోసింది. చుట్టాలు వచ్చింది సాయంత్రం ఆరింటికి. అంతవరకు గిన్నె బల్లమీదే ఉంది. బొప్పాయి తొక్క ఎలాగూ తీసేస్తాం కదా అని కడగలేదు. ఆ పొద్దునే కోడిమాంసం కోసిన కత్తిపీటను ఉత్త నీళ్ళతో కడిగి, దానిమీదే జామకాయలు తరిగింది. వీటిలో ఏది ముంచిందో నేను ఖాయంగా చెప్పలేను. కాని ఏ ఒక్కటైనా చాలు.

చెడని, చిట్లని పండు లోపలి గుజ్జు సాధారణంగా శుభ్రంగానే ఉంటుంది. మట్టి, ఈగలు, పదిమంది చేతులు తాకేది పైతొక్కనే. కడగని తొక్కమీద కత్తి దింపితే ఆ మురికి లోపలికి దిగుతుంది. కోసిన ముక్కనుంచి ఊరే తీపి రసం సూక్ష్మజీవులకు విందుభోజనం. అనువైన వేడిలో కొన్ని రకాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్కటి ఎనిమిది గంటల్లో కోటీ అరవై లక్షలు దాటుతుంది. "నిమ్మరసం పిండాం కదా?" అంటారేమో. పులుపు వాటి జోరును కొంత తగ్గించవచ్చు గాని, చంపేస్తుందని నమ్మకండి.

మరి పళ్ళు మానేయాలా? ఎంతమాత్రం వద్దు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి రోజుకు 100 గ్రాముల పళ్ళు, 400 గ్రాముల కూరగాయలు కావాలి. మన ఇళ్ళలో అన్నం గుట్టగా, కూర చిటికెడుగా ఉంటుంది. ఆ లోటు కొంత తీర్చేదే పళ్ళ కోసంబరి. పిల్లలు దీన్నే సలాడ్ అంటున్నారు. దీనికి ఆపిల్ పళ్ళే కొనక్కరలేదు. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంటుంది. ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఇనుమును ఒంటికి పట్టించేది ఈ విటమినే. అందుకే రక్తహీనత ఉన్న ఆడవారు కోసంబరిని భోజనంతోపాటే తినడం మేలు. ఆ వెంటనే కాఫీ, టీ తాగితే మాత్రం ఆ లాభం తగ్గిపోతుంది.

నలుగురికి సరిపడే కొలత చెబుతాను. ఒక పెద్ద జామకాయ, పావుకిలో బొప్పాయి, సగం దానిమ్మ, ఒక కేరట్, ఒక చిన్న కీరదోసకాయ తీసుకోండి. ముందు మీ చేతులు, కత్తిపీట సబ్బుతో కడగండి. పళ్ళకు సబ్బు వద్దు. ధారగా పడే నీళ్ళకింద ఒక్కొక్కటీ చేత్తో రుద్ది కడిగి, చివరగా కాచి చల్లార్చిన నీళ్ళతో తొలపండి. తొక్క తీసేవైనా కడగవలసిందే. జామ, బొప్పాయి, కీర సన్నని ముక్కలుగా తరగండి. కేరట్ తురమండి. దానిమ్మ గింజలు కలిపి ఒక నిమ్మచెక్క పిండి, మిరియాలపొడి చల్లండి. వేయించిన వేరుశనగ పలుకులు నాలుగు చెంచాలు వేస్తే రుచి, బలం రెండూ వస్తాయి. ఐదేళ్ళలోపు పిల్లలకు మాత్రం పలుకులు వేయకండి. గొంతుకు అడ్డం పడతాయి. వాళ్ళకు ముక్కలు మెత్తగా, చిన్నవిగా చేసి దగ్గర కూర్చుని తినిపించండి. పంచదార అక్కరలేదు. నల్ల ఉప్పు కూడా ఉప్పేనని రక్తపోటు ఉన్నవారు గుర్తుంచుకోవాలి.

విస్తళ్ళు వేశాక కోయండి. మిగిలితే వెంటనే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఆ పూటకే ముగించండి. బయట రెండు గంటలు దాటితే, మండువేసవిలో గంట దాటితే, మొహమాటపడక పారేయండి. పారేసిన ముక్కల ఖరీదు కంటే ఒక సెలైను సీసా ఖరీదు ఎక్కువ.

మధుమేహం ఉన్నవారు పళ్ళకు భయపడి దూరంగా ఉండనక్కరలేదు. 100 గ్రాములకు మించకుండా, రసం తీయకుండా జామ, బొప్పాయి వంటివి తినవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో పొటాషియం పేరుకునే ప్రమాదం ఉంది కనుక తమ డాక్టరును అడిగే తినాలి.

ఇంత జాగ్రత్తపడినా విరేచనాలు పట్టుకుంటే కంగారుపడకండి. ఓ.ఆర్.ఎస్. పొట్లం మీద రాసినన్ని నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. పొట్లం దొరకకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలపండి. మూత్రం తగ్గినా, రక్తం పడినా, వాంతులవల్ల నీళ్ళు నిలవకపోయినా, పిల్ల మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇంటికి వెళ్ళేముందు ఆ తల్లి, "అయితే జామకాయ పెట్టవచ్చా డాక్టరుగారూ?" అని అడిగింది. "కడిగి, అప్పటికప్పుడు కోసి పెట్టమ్మా" అన్నాను. మీకూ అదే చెబుతున్నాను.